ఏదీ, ఒకసారి నోరు తెరవండి

మా త్రిపురసుందరి అత్తయ్య ఎవరినీ "బాగున్నారా" అని అడగదు. "ఏదీ, ఒకసారి నోరు తెరవండి" అంటుంది. కొత్తా పాతా లేదు, చిన్నా పెద్దా లేదు. తెరిచేదాకా గుమ్మం దాటనివ్వదు. తెరిచాక పళ్లు చూడదు, నాలుక చూడదు. నోరు ఎంతవరకు తెరుచుకుందో మాత్రం చూసి, "మంచిది, మూసేయండి, కాఫీ తెస్తాను" అంటుంది.

అందుకని బందరులో సగం మంది ఆవిడని పళ్ల డాక్టరనుకుంటారు. మిగతా సగం మంది ఆవిడకి కొంచెం తిక్క అనుకుంటారు. నిజానికి ఆవిడ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పి రిటైరైన లెక్చరర్. మా నాన్నకి అక్క. పెళ్లి చేసుకోలేదు. నేను తెలుగు ఎమ్మే చదవడానికి వచ్చి ఆవిడ ఇంట్లోనే ఉండేదాన్ని కాబట్టి, పొద్దున బయల్దేరేముందూ సాయంత్రం వచ్చాకా నా నోరు కూడా తనిఖీ అయ్యేది.

అలవాటైనవాళ్లు టైం వేస్టు చేసుకోరు. గ్యాస్ బండ తెచ్చే రాము వీధి మలుపు తిరుగుతూనే నోరు తెరుచుకుని వచ్చేవాడు. పక్కింటి కృపాకుమారిగారు గోడ మీంచి తల ఎత్తి, నోరు తెరిచి చూపించి, ఆ తర్వాతే కరివేపాకు అడిగేవారు. ఎదురింట్లోకి కొత్తగా అద్దెకి దిగినవాళ్లు ఇది చూసి, ఈ వీధి పద్ధతి కాబోలనుకుని, పాలు పొంగించిన రోజున కుటుంబమంతా వరసగా నిలబడి మాకు నోళ్లు చూపించి వెళ్లారు.

నాకు గుడివాడ నుంచి ఒక సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు సుధన్వ. తండ్రి సీతారామయ్యగారు, పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన గంభీరమైన మనిషి. పెళ్లిచూపులు అత్తయ్య ఇంట్లోనే. నేను తల వంచుకుని పళ్లెంలో జంతికలు లెక్కపెడుతున్నాను. అత్తయ్య వచ్చి పెళ్లికొడుకు ఎదురుగా కూర్చుంది.

"ఏదీ బాబూ, నోరు తెరు."

"దేనికండీ?" అన్నారు సీతారామయ్యగారు.

"మీది తర్వాత చూస్తాను. ముందు అబ్బాయిది."

"పళ్లు చూసి బేరమాడడానికి మావాడేమన్నా ఎద్దాండీ?"

సుధన్వ అప్పటికే నిర్ఘాంతపోయి నోరు తెరిచే ఉన్నాడు. అత్తయ్య తృప్తిగా తలాడించి, "మంచిది, మూసేయ్" అంది. వాళ్లు నోళ్లు మూసుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. మా అమ్మ వారం పాటు అత్తయ్య ఫోన్ ఎత్తలేదు. నేను మాత్రం ఆ పూట రెండు గరిటెలు అన్నం ఎక్కువ తిన్నాను.

ఇంతకీ ఈ నోటి పిచ్చి ఎక్కడిదని ఒక సాయంత్రం పెరట్లో ధైర్యం చేసి అడిగాను. ఆవిడ మల్లెపాదు తవ్వుతోంది. కాళ్లకి మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, చేతులకి తొడుగులు.

"చెప్తాను. జడుసుకోకూడదు. నీ కాళ్ల కింద ఏముంది?"

"మట్టి."

"మట్టిలో?"

"రాళ్లూ, వానపాములూ."

"ఇంకొకటుంది. నువ్వు పుట్టకముందునుంచీ ఉంది. నిద్రపోతోంది." తోటపారని మెల్లగా, చప్పుడు కాకుండా నేల మీద పెట్టింది. నిజంగానే ఎవరికో మెలకువ వస్తుందేమో అన్నట్టు పెట్టింది. "క్లాస్ట్రీడియం టెటాని దాని పేరు. కంటికి కనిపించదు. మైక్రోస్కోపులో చూస్తే అగ్గిపుల్లలా ఉంటుంది. సన్నటి ఒళ్లు, చివర గుండ్రటి తల. దానికి గాలి గిట్టదు ప్రసన్నా. గాలి ఉన్నంతసేపూ ఆ తలలో విత్తనంలా ముడుచుకుని పడుకుంటుంది. ఎండ దాన్నేం చెయ్యదు. మరిగే నీళ్లు పోసినా అంత తొందరగా చావదు. ఏళ్లకేళ్లు ఆగుతుంది. దానికి ఆకలి లేదు, తొందర లేదు."

"దేనికోసం ఆగుతుంది?"

"ఎవరో ఒకరు ముల్లు తొక్కుతారు. మట్టితోపాటు అది లోపలికి వెళ్తుంది. పైన చర్మం మూసుకుంటుంది. మానిపోయిందని మనం సంతోషిస్తాం. లోపల చీకటి. గాలి ఉండదు. అప్పుడు లేస్తుంది."

"లేచి?"

"మొదట నోరు మూయిస్తుంది. తర్వాత నవ్విస్తుంది."

"నవ్విస్తుందా?"

"నవ్విస్తుంది. ఆ మనిషితో నిమిత్తం లేకుండా." తోటపార మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ధనుర్వాతం అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఆ నవ్వు చూశాను. కాఫీ తాగుతావా?"

ఆ రోజునుంచి కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకునే చదువుకున్నాను. వీధిలో నడుస్తుంటే ఎవరి నిద్రో పాడుచేస్తున్నట్టుండేది. ఎండాకాలం దివిసీమ వైపు బస్సులో వెళ్తే, బీటలు తీసిన నల్లరేగడి నేలంతా సగం తెరిచిన నోళ్లలా కనిపించేది.

ఈ గొడవేమీ పట్టనివాడు ఒక్కడే ఉండేవాడు. మా ఆటో నాగబాబు. గిలకలదిండి దాటాక సముద్రం ఒడ్డు పల్లె వాడిది. వాళ్లన్నలు వేటకి వెళ్తారు, తల్లి పెద్దింట్లమ్మ ఎండుచేపలు అమ్ముతుంది, వీడు ఆటో తోలతాడు. పొద్దున్నే అత్తయ్యని గుడికీ నన్ను యూనివర్సిటీకీ దింపేవాడు.

"ఏదీ నాగబాబూ, నోరు తెరు."

"ఆఁ... పొద్దున తిన్న ఇడ్లీ కనపడుతుందాండీ మేడంగారూ?" అని, తెరిచిన నోటితోనే పగలబడి నవ్వేవాడు. కొండనాలుక ఊగడం వెనక సీటులోంచి అద్దంలో కనపడేది. ఆ నవ్వు కోనేరు సెంటర్లో మొదలుపెడితే బస్టాండులో వినపడుతుందని వాడి స్నేహితులు అనేవాళ్లు.

"టీటీ సూది ఎప్పుడు వేయించుకున్నావు?"

"చిన్నప్పుడు వేసే ఉంటారండీ."

"అది ఎప్పుడో అరిగిపోయుంటుంది. మళ్లీ వేయించుకో."

"పెళ్లయ్యాక ఇద్దరం కలిసి వేయించుకుంటాం లెండి. జంటగా వెళ్తే బాగుంటుంది."

పెళ్లికూతురు నాగాయలంక వైపు పిల్ల, వీరదుర్గ. వాడు దారి పొడుగునా ఆ అమ్మాయితో ఫోనులో మాట్లాడేవాడు, అత్తయ్య "రోడ్డు చూడు" అనేది, వాడు రోడ్డుకి కూడా వీరదుర్గ పేరే పెట్టినట్టు మురిపెంగా చూసేవాడు.

పెళ్లికి ముందురోజు పొద్దున వాణ్ణి పెళ్లికొడుకుని చేస్తున్నారంటే, నేనూ అత్తయ్యా ఇంకో ఆటో కట్టించుకుని వెళ్లాం. పల్లెంతా ఉప్పుగాలి, ఎండుచేపల వాసన. దారికి ఒక పక్క బోట్లు, ఇంకో పక్క సముద్రం పాటుకి నీళ్లు వెనక్కి పోయిన కాలవలో నల్లటి బురద. మైకులో పాటలు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి.

పెద్దింట్లమ్మ ఎదురొచ్చింది, నోరు తెరిచి చూపించి మరీ. "రండమ్మగారూ. మావోడి మొహం చూద్దురుగాని. పెళ్లికళ అంటే ఇదేనమ్మా. నిన్న మాపటినుంచీ నవ్వు చెరగట్లేదు. అన్నం కూడా సయించట్లా. సిగ్గు."

అత్తయ్య నడక ఆగింది. "అన్నం తినట్లేదా?"

"మంచినీళ్లు కూడా గుటక పడట్లేదంటాడు. పెళ్లంటే అంతే కదండీ."

పందిట్లో నాగబాబుని పీట మీద కూర్చోబెట్టి నలుగు పెడుతున్నారు. నుదుట బొట్టు, బుగ్గన చుక్క. ఎదురుగా ఫోటోలు తీసే రాజబాబు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అన్నా, సూపరు. ఆ నవ్వు అలాగే ఉంచు. కదపకు," అంటున్నాడు.

వాడు కదపలేదు. నేను దగ్గరికి వెళ్లి చూశాను. కనుబొమలు పైకి లేచి ఉన్నాయి. పెదవులు రెండు పక్కలా సాగి ఉన్నాయి. పై పళ్లూ కింది పళ్లూ అతుక్కుని ఉన్నాయి. ఫోటోలో చూస్తే అంత అందమైన పెళ్లికొడుకు ఇంకొకడు ఉండడు. కానీ కళ్లు నవ్వడం లేదు. అవి అటూ ఇటూ తిరుగుతున్నాయి, ఎవరైనా గమనిస్తారేమోనన్న ఆశతో. నవ్వు మొహం మీద ఉంది. మనిషి దాని వెనకాల ఎక్కడో ఉన్నాడు.

"బుగ్గలు చూడండమ్మగారూ," అంది నలుగు పెడుతున్న ముత్తయిదువ ముచ్చటగా. "రాయిలా ఉన్నాయి. గట్టి మనిషి."

అత్తయ్య వాడి ముందు కూర్చుంది. "ఏదీ నాగబాబూ, నోరు తెరు."

పందిరి పందిరంతా ఘొల్లుమంది. పెళ్లిపీట మీద కూడా వదల్లేదురా అని ఎవరో అన్నారు. ముసలివాళ్లు పళ్లు లేని నోళ్లతో నవ్వారు, పిల్లలు నోళ్లు తెరిచి గంతులు వేశారు. అంతమందిలో నవ్వనివాడు నాగబాబు ఒక్కడే. ఆవిడ మాటకి రోజూ అందరికంటే ముందు నవ్వేవాడు.

పళ్ల సందులోంచి చిన్న గొంతు వచ్చింది. "రావట్లేదండీ మేడంగారూ."

అదే సమయానికి బయట ఎవరో టపాకాయల సరం ముట్టించారు. మొదటి చప్పుడుకే వాడు వెనక్కి విరుచుకుపడ్డాడు. వీపు నేలకి ఆనలేదు. తలా మడమలూ మాత్రం నేలని తాకి, మధ్యలో ఒళ్లంతా విల్లులా లేచి నిలబడింది. మొహం మీద నవ్వు అలాగే ఉంది.

"గాలి సోకింది," అన్నారెవరో మెల్లగా. ఆ మాట పందిట్లో నోటినుంచి నోటికి పాకింది. వేపరొట్ట తెమ్మన్నారు, తాయెత్తు కట్టే ఆయనకి కబురు పెట్టమన్నారు.

"మైకు ఆపండి," అంది అత్తయ్య. గొంతు పెంచలేదు. "టపాకాయలు ఆపండి. ఎవరూ వాణ్ణి ముట్టుకోవద్దు, ఎవరూ గట్టిగా మాట్లాడొద్దు. ప్రసన్నా, అంబులెన్సుకి ఫోన్ చెయ్." పక్కవాళ్ల తువ్వాలు అందుకుని వాడి కళ్ల మీద వెలుతురు పడకుండా కప్పి, ఒళ్లు కాస్త సడలాక మెల్లగా పాదాలు తిప్పి చూసింది. కుడి మడమ మీద చిన్న గట్టి మచ్చ. "ఇదేమిటి పెద్దింట్లమ్మా?"

"అదా అమ్మగారూ, తుమ్మముల్లు. మొన్నెప్పుడో కాలవ బురదలో గుచ్చుకుంది. కాఫీపొడి కూరి, గాలి తగలకుండా గట్టిగా గుడ్డ కట్టాను. పుండుకి గాలి సోకితే మంచిది కాదు కదండీ. పైన మానిపోయింది కూడా."

అత్తయ్య కాసేపు కళ్లు మూసుకుంది. అరుస్తుందేమో అనుకున్నాను. అరవలేదు. "నువ్వు గాలికి భయపడి మూశావు. అదీ గాలికే భయపడుతుంది. నువ్వేం చేస్తావులే. ఇప్పుడు బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఆలస్యమైతే దవడ బిగిసినట్టే ఊపిరీ బిగుస్తుంది."

అక్కడ ఇంకో అడ్డం వచ్చింది. పసుపు రాసి పెళ్లికొడుకుని చేశాక ఊరి పొలిమేర దాటించకూడదు. పల్లె పెద్ద బాబూరావు చేతులు కట్టుకుని ఆ మాటే అన్నాడు. "అది మేం చెయ్యలేమండీ. దాటితే మనిషికే కీడు. ఆ తాయెత్తాయన్ని ఇక్కడికే రప్పిద్దాం."

పెద్దింట్లమ్మ కొడుకు వంకా బాబూరావు వంకా చూస్తూ నిలబడిపోయింది. సరిగ్గా అప్పుడు రాజబాబు జేబులో ఫోన్ వణికింది. వాడు తీసిన ఫోటోలు అప్పటికే పెళ్లికూతురికి పంపేశాడు. వీరదుర్గ ఫోన్ చేస్తోంది. మైకు లేదు, మాటలు లేవు కాబట్టి ఆ అమ్మాయి గొంతు పందిట్లో అందరికీ వినపడింది.

"అన్నా, ఆ ఫోటోలో నవ్వేది ఎవరు? మా ఆయన నవ్వితే కొండనాలుక కనపడాలి. ఏమైంది ఆయనకి?"

పెద్దింట్లమ్మ ఫోన్ అందుకుని ఉన్నదంతా చెప్పింది.

"పొలిమేర దాటించండి అత్తా," అంది వీరదుర్గ. "కీడొస్తే నాకు రావాలి కదా, నేను ఒప్పుకుంటున్నాను. మనిషుంటే పెళ్లి ఎప్పుడైనా అవుద్ది. అవతల అంబులెన్సు వచ్చిందా లేదా, అది చెప్పండి."

బాబూరావు కట్టుకున్న చేతులు విప్పి తలపాగా తీసి, వాడిని మోయడానికి తనే ముందు వంగాడు.

అంబులెన్సు డ్రైవర్ సైరన్ మీద చెయ్యి వేస్తే అత్తయ్య ఆ చెయ్యి పట్టుకుంది. "అది మోగితే వాడు మళ్లీ వంగుతాడు. కుయ్యిమనకుండా పోనివ్వు." పట్టపగలు, పూలదండలు కట్టిన పందిరి ముందునుంచి, పల్లె జనమంతా నోళ్ల మీద చేతులు పెట్టుకుని చూస్తుండగా, ఏ చప్పుడూ లేని అంబులెన్సు మెల్లగా పొలిమేర దాటింది. నేను వెనక అద్దంలోంచి చూశాను. తోరణాలు మాత్రం గాలికి ఊగాయి.

ఆసుపత్రిలో మడమ కోస్తే నల్లటి ముల్లు మొన బయటపడింది. గాయాన్ని తెరిచే ఉంచారు, గాలి తగలాలని. సూదులు పొడిచారు, గొంతులో గొట్టం వేశారు, గదిలో తెరలు దించి చీకటి చేశారు. ఒక చెంచా కింద పడ్డా వాడి ఒళ్లు వంగేది. బతుకుతాడో లేదో చాలా రోజులు ఎవరూ చెప్పలేదు.

అన్నాళ్లూ అత్తయ్య వరండాలో కాపలా. ట్రాలీ చక్రాలకి నూనె తనే తెచ్చి పోసింది. నర్సుల గాజులకి దారాలు చుట్టించింది. దగ్గొచ్చిన వార్డుబాయిని ఇంకో అంతస్తుకి పంపించింది. పెద్దింట్లమ్మ గోడకి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది. నేను పక్కన పేజీలు చప్పుడు కాకుండా తిప్పుతూ పుస్తకం చదువుకునేదాన్ని.

"నిన్నే ఎందుకు తీసుకొచ్చానో తెలుసా?" అంది అత్తయ్య ఒక మధ్యాహ్నం నా చెవిలో. "మన చుట్టాలందరిలో చప్పుడు చెయ్యకుండా కూర్చోగలిగేది నువ్వొక్కదానివే."

నా మొహమాటానికి జన్మలో వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. ఆ ధైర్యంతో గుసగుసగా అడిగాను. "దెబ్బ తగిలిందా అని అడిగితే సరిపోదా అత్తయ్యా? నోరు తెరవమని అడిగి అందరిచేతా నవ్వించుకోవడం ఎందుకు?"

"దెబ్బ దాస్తారు. చిన్నదే అంటారు, మానిపోయిందంటారు. నోరు దాయలేరు."

"సగం మంది తెరవరు కదా. నవ్వేసి వెళ్లిపోతారు."

"నవ్వేటప్పుడు తెరుచుకోదూ?" అంది ఆవిడ, ఇంతకాలం నాకు ఇంత చిన్న విషయం తట్టలేదా అన్నట్టు. "అడిగి తెరిపించడం కష్టం ప్రసన్నా. నవ్వించి తెరిపించడం తేలిక. నన్ను చూసి ఎవరు పగలబడి నవ్వినా, హమ్మయ్య, వీళ్లు బాగున్నారనుకుంటాను. మీ సీతారామయ్యగారు కూడా వీధి చివర దాకా నవ్వుకుంటూనే వెళ్లారు. కిటికీలోంచి చూశాను."

తర్వాత చాలాసేపు నేను అదే పేజీ చదివాను.

గోడ మీద కేలండర్లో రెండు నెలల కాగితాలు చిరిగాక నాగబాబు లేచాడు. వాళ్ల పెళ్లి మోపిదేవిలో, సుబ్రహ్మణ్యస్వామి గుళ్లో జరిగింది. వాడు సగం అయ్యాడు, వదులైన పంచె జారకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వీరదుర్గని పట్టుకుని నడిచాడు. పెళ్లికి ముందే ఇద్దరూ జంటగా వెళ్లి టీటీ సూది వేయించుకొచ్చారు. మైకు పెట్టలేదు. సన్నాయి ఆయన కూడా ఒక కన్ను అత్తయ్య మీద వేసి ఉంచి మెత్తగా ఊదాడు.

పూజారిగారు చెవులకి రాసుకోమని పుట్టమన్ను పెట్టారు. మన్ను అందరి అరచేతుల్లోనే ఆగిపోయింది. అందరూ అత్తయ్య వంక చూశారు. ఆవిడ మట్టిని కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"ఇందులోనూ ఉండే ఉంటుంది," అంది. "నిద్రపోనిద్దాం." చెవికి రాసుకుని, ఆ తర్వాత అందరినీ అడిగింది, ఈమధ్య చెవులు కుట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. ఉన్న ఇద్దరు పిల్లల చేతుల్లోంచి మన్ను తీసి తనే నుదుట పెట్టింది.

చివర్లో రాజబాబు అందరినీ వరసగా నిలబెట్టి అలవాటుకొద్దీ, "అందరూ నవ్వండి," అన్నాడు.

వరస వరసంతా బిగుసుకుపోయింది. రాజబాబు నాలుక కరుచుకున్నాడు. పెదవులు సాగదీయడానికి ఎవరికీ మనసు రాలేదు. ఆ నవ్వు అక్కడెక్కడో, మా మధ్యలోనే, ఎవరి మొహం దొరుకుతుందా అని వెతుక్కుంటున్నట్టనిపించింది.

అప్పుడు నాగబాబు అత్తయ్య వైపు తిరిగి, కొండనాలుక కనపడేలా నోరు తెరిచాడు. "ఆఁ... చక్కెరపొంగలి కనపడుతుందాండీ మేడంగారూ?"

వీరదుర్గ తెరిచింది. పెద్దింట్లమ్మ తెరిచింది, బాబూరావు తెరిచాడు. నేనూ తెరిచాను. అత్తయ్య మా అందరి నోళ్లనీ ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా చూసి "మంచిది" అనబోయి, నవ్వాపుకోలేక తనూ తెరిచింది. రాజబాబు అదే క్షణాన ఫోటో తీశాడు.

ఆ ఫోటో ఇప్పుడు పెద్దింట్లమ్మ ఇంటి ముందుగదిలో ఉంది. గుడి మెట్ల మీద ఇరవై మంది, అందరూ గూట్లో పిచ్చుకపిల్లల్లా నోళ్లు తెరుచుకుని ఉంటారు. ఎండుచేపలకి వచ్చినవాళ్లు అది చూసి, ఇదెక్కడి పెళ్లి ఫోటో అని అడుగుతారట.

"చెబుతాను," అంటుందట పెద్దింట్లమ్మ, తక్కెడ పక్కన పెట్టి. "ముందు నువ్వొకసారి నోరు తెరు."